తాడు రాని పాట

ఫోన్ మోగేసరికి నేను స్టూల్ ఎక్కి నా పెళ్లిచీరల్లో ఒకదాన్ని స్టూడియో గోడకి వేలాడగడుతున్నాను. మా ఆయన ఆత్రేయ గది మధ్యలో నిలబడి చప్పట్లు కొడుతూ, ఆ చప్పుడు ఎలా తిరిగొస్తోందో చెవి ఒగ్గి వింటున్నాడు. పట్టుచీర శబ్దాన్ని తిప్పికొడుతుందనీ, మా అత్తగారి పాత నేత దుప్పటి మింగేస్తుందనీ అప్పుడే తేలింది. పెళ్లై నలభై మూడు రోజులు. కాపురంలో నేను సొంతంగా కనిపెట్టిన మొదటి శాస్త్రం ఇదే కాబట్టి చాలా గర్వంగా ఉంది.

ఫోన్ విజయవాడ నుంచి. గోవర్ధనరావు గారు. కోస్తా పొడుగునా జనం పనిచేస్తూ పాడుకునే పాటల్ని పోగుచేసి, పాడినవాళ్ల పేరూ ఊరూ రాసి, అందరూ వినేలా ఇంటర్నెట్‌లో పెట్టబోతున్న పెద్దమనిషి. అరవైకి పైగా పాటలు వచ్చాయట. పన్నెండు తీసుకున్నారట. మేం పంపిన సత్యవతమ్మ గారి వల పాట ఆ పన్నెండింటిలో మొట్టమొదట ఉంటుందట.

"డెబ్భై ఎనిమిదేళ్ల మనిషికి ఆ కాలప్రమాణం ఏమిటమ్మా, గడియారం పెట్టినట్టుంది. ముందుమాటలో అదే రాస్తున్నాను" అన్నారాయన.

ఆత్రేయ నన్ను స్టూలు మీంచి దించకుండానే గిరగిరా తిప్పబోయాడు. నేను నవ్వాను, కేక పెట్టాను, గుడివాడలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఇదంతా నిజంగా సంతోషంతోనే చేశాను. కానీ గడియారం అనే మాట మాత్రం గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. చేప తినని ఇంటి పిల్లని, ఆ బాధ ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

నా రాతలు ఇప్పటిదాకా చదువుతూ వస్తున్నవాళ్లకి ఈ గది సంగతి తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లకి నాలుగు ముక్కల్లో చెబుతాను. మాది బందరు ఈడేపల్లిలో మేడమీది వాటా. ఆత్రేయ హైస్కూల్లో లెక్కల మాస్టారు. వెనకగదిలో ఒక మైకు, మైకుని కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె, ఎవరో వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్ పెట్టి దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాం. ఇక ఆ ల్యాప్‌టాప్‌లో పాట రికార్డు చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ వేయాలన్నది తేలడానికి మా పెళ్లిచూపుల కంటే ఎక్కువ రోజులు పట్టింది.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి బూడిదరంగుది. ఉచితం. మైకులో పడింది పడినట్టు రాసుకుని, అడిగినప్పుడు తీసి ఇస్తుంది. దానికి ఆత్రేయ 'గుమాస్తా' అని పేరు పెట్టాడు. రెండోది నెలరోజులు వాడి చూడమని ఇచ్చేది. ఒక్కో గొంతుకీ ఒక్కో రంగు, తంబూరా, తబలా, పక్కన గంతులేసే పచ్చదీపాలు. శ్రుతి తప్పితే సర్దే బటన్ ఒకటి, తాళం తప్పితే సర్దే బటన్ ఒకటి. దాన్ని నేను 'పెళ్లికూతురు' అన్నాను. ఆత్రేయ గుమాస్తా వైపు, నేను పెళ్లికూతురి వైపు. కొత్త పెళ్లాం మాట కదా, నెగ్గింది.

సత్యవతమ్మ గారు గిలకలదిండిలో ఉంటారు. మనవరాలు శ్రీదుర్గ ఆత్రేయ దగ్గర లెక్కలు నేర్చుకుంది, ఆ పరిచయం. పుట్టిందీ మెట్టిందీ కోడూరు అవతల సముద్రపు ఒడ్డున ఒక పల్లె. ఒడ్డున నిలబడి పదిహేనిరవైమంది తాడు పట్టి పెద్దవల లాగేటప్పుడు పాడే పాట ఒకటుంది. దాన్ని చివరిదాకా పాడటం వచ్చినవాళ్లు ఇప్పుడామె ఒక్కరే. రెండు వారాల క్రితం మా గదికి వచ్చి, ఫ్యాన్ ఆపేసిన ఉక్కలో, కళ్లు మూసుకుని పదకొండు నిమిషాలు పాడారు.

ఆ పాట వింటుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఎనిమిదేళ్లు సంగీతం నేర్చుకున్న దాన్ని, వినేటప్పుడు నా చెయ్యి నాకు తెలియకుండానే మోకాలి మీద తాళం వేస్తుంది. ఆ రోజు తాళం నిలబడలేదు. ఒక చరణం తర్వాత కాసేపు ఆగుతారు, ఇంకోదాని తర్వాత చాలాసేపు ఆగుతారు, ఒకచోట అసలు ఆగరు. మధ్యమధ్య 'హుఁ' అని బరువుగా ఊపిరి. పాపం పెద్దావిడ, లయ జారిపోతోంది, ఆయాసం కూడా అనుకున్నాను.

మర్నాడు ఆత్రేయ స్కూలుకి వెళ్లాక పెళ్లికూతుర్ని తెరిచి ఆమె పరువు కాపాడాను. ఇది నా అప్పటి మాట, ఎంత గొప్పగా అనుకున్నానో తెలియాలని దాన్ని మార్చకుండా రాస్తున్నాను. ఆగినచోట్లన్నీ కత్తిరించి సమానం చేశాను. ఊపిర్లు తీసేశాను. ప్రతి మాటనీ తెరమీది గీతల మీదకి జరిపాను. పదకొండు నిమిషాల పాట ఆరున్నరకి వచ్చింది. పాతది ఉంచాలా అని తెర మీద అడిగితే వద్దన్నాను. ల్యాప్‌టాప్‌లో చోటు తక్కువ, పైగా నాకు ఇల్లు శుభ్రంగా ఉండాలి. చెత్తబుట్ట బొమ్మ కూడా ఖాళీ చేసేశాను.

ఆత్రేయ సాయంత్రం విని, మళ్లీ మొదటి నుంచి పెట్టి విన్నాడు. తర్వాత, బాగుంది కానీ అసలుది జాగ్రత్తగా ఉంచావు కదా అని అడిగాడు. ఉంచానన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కొత్తగా కాపురానికి వచ్చి, ఆ ఇంట్లో నేను మొదటిసారి సొంతంగా చేసిన పని అది. తప్పుతో మొదలవడం ఇష్టం లేకపోయింది.

సరే, ఇప్పుడు శుభవార్త దగ్గరికి. ఆ మధ్యాహ్నమే హల్వా పొట్లం కట్టించుకుని బండి మీద గిలకలదిండి బయల్దేరాం. దారిలో ఆత్రేయ ఈల వేస్తూనే ఉన్నాడు. నేను వెనక కూర్చుని, పాట ఎలాగూ అందరికీ నచ్చింది కదా అని నన్ను నేను సముదాయించుకుంటూ వెళ్లాను.

సత్యవతమ్మ గారి కూతురు వీరదుర్గ అప్పుడే చేపల వేలంపాట నుంచి వచ్చి గంపలు కడుగుతోంది. యాభై ఏళ్ల మనిషి, మాటకి పదును. మేస్టారు మిఠాయి పట్టుకొచ్చారంటే మా అమ్మ పాసైనట్టే అంది. నన్ను చూసి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోకుండా వచ్చావే, అలవాటు పడిపోతున్నావమ్మాయ్ అని నవ్వింది. సత్యవతమ్మ గారు అరుగు మీద వల బాగుచేస్తున్నారు. గడియారం మెప్పుతో సహా విషయం చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. మా ఆయన పాట కదా అన్నారంతే. ఆయన అంటే సూరయ్య గారు, ఆరేళ్ల క్రితం పోయారు. తర్వాత, ఏదీ ఒకసారి వినిపించండి, నేనింకా విననేలేదు అన్నారు.

ఆత్రేయ ఫోన్‌లో పెట్టి అరుగు మీద ఉంచాడు.

మొదటి రెండు చరణాలు ఆమె వల అల్లుతూనే విన్నారు. మూడో చరణానికి చేతిలో దారం ఆగింది. వీరదుర్గ గంప కడగడం మానేసి తల్లి వైపు చూసింది. పాట అయిపోయింది. ఇంకోసారి పెట్టమన్నారు. పెట్టాడు. ఈసారి ఆమె కళ్లు మూసుకున్నారు, సగంలోనే తెరిచేశారు.

"గొంతు నాదేనమ్మాయ్. కానీ ఈ పాటకి తాడు రాదు" అన్నారు.

నాకు అర్థం కాలేదు, అర్థమైంది కూడా. ఆమె మాత్రం కోప్పడలేదు. లేచి లోపలికి వెళ్లి ఒక పాత తాడు తెచ్చారు. ఒక కొస వీరదుర్గ నడుముకి చుట్టి ఆమెని వాకిలి అవతల నిలబెట్టారు. రెండో కొస నా చేతికిచ్చారు. పాట పెట్టమని ఆత్రేయకి చెప్పారు. పాట ఎప్పుడు ఆగితే అప్పుడు లాగాలి, మళ్లీ పాట అందుకోగానే బిగబట్టాలి, అంతే పని అన్నారు.

'సొరతీగలా సాగి రావే తాడా' అని ఫోన్ మొదలుపెట్టింది. నేను సిద్ధంగా నిలబడ్డాను. చరణం ముగిసింది, నేను లాగబోయేలోపే రెండో చరణం. అది ముగిసింది, చెయ్యి కదిలీ కదలకముందే మూడోది. వీరదుర్గ అటు నుంచి బరువుగా వెనక్కి వాలి నిలబడింది, ఒక్క అడుగు కూడా కదల్లేదు. ఆరో చరణానికి నాకు ఊపిరి అందలేదు. పదో చరణానికి తాడు అరచేతుల్లో జారి మంట పుట్టించింది. వదిలేశాను.

అప్పుడు సత్యవతమ్మ గారు నా వెనక వచ్చి నిలబడి పాడారు. ఒక చరణం పాడి ఆగారు. నా భుజం పక్కన 'హుఁ' అని ఊపిరి వినిపించింది. ఆ ఊపిరికి నా చేతులు వాటంతటవే లాగాయి. వీరదుర్గ ఒక అడుగు ముందుకొచ్చింది. ఇంకో చరణం, ఈసారి చాలాసేపు ఆగారు, నేను లాగబోతే భుజం మీద చెయ్యి వేసి ఆపారు. తర్వాత మళ్లీ ఊపిరి. లాగాను. ఎనిమిది చరణాలకి వీరదుర్గ వాకిలి దాటి నా ముందు నిలబడి ఉంది.

ఆ తర్వాత సత్యవతమ్మ గారు చెప్పింది నా మాటల్లో రాస్తాను. అల ఒడ్డుకి వచ్చేటప్పుడు వలని తనే తోసుకొస్తుంది, అప్పుడు లాగాలి. వెనక్కి పోయేటప్పుడు లాగితే తాడు చేతులు కోసేస్తుంది, అప్పుడు కాళ్లు ఇసుకలో దిగేసి బిగబట్టాలి. పాట చెప్పే మనిషి చూసేది అలని. అల పొడుగుని బట్టి ఆగుతారు. ఆ ఊపిరే లాగమని చెప్పే మాట. పాటలోని మాటలు ఎవరైనా మార్చుకోవచ్చు, సూరయ్య గారు రోజుకో రకంగా కలిపి పాడేవారట, ఆగే చోట్లు మాత్రం పాడేవాడి ఇష్టం కాదు.

నేను పొరపాటు అనుకుని ఊడ్చేసింది ఆ చోట్లని. ఆయాసం అనుకుని తుడిచేసింది ఆ మాటని. మరి మా గదిలో సముద్రం లేదు కదా, కళ్లు మూసుకుని ఏ అలని చూశారామె అని అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఆత్రేయ అన్నాడు, కంగారేం లేదు మామ్మగారూ, మీరు పాడింది పాడినట్టు అసలుది మా దగ్గర భద్రంగా ఉంది, అదే పంపిస్తాం అని. ఎంత ధీమాగా అన్నాడో. నా వైపు తిరిగి చిరునవ్వు కూడా నవ్వాడు.

ఇద్దరమే ఉన్నప్పుడు నేనతన్ని నువ్వు అంటాను, నలుగురిలో మీరు అంటాను. ఆ రోజు నలుగురున్నారని కాదు, నువ్వు అనే అర్హత పోయినట్టనిపించింది.

"అసలుది లేదండీ. అదే రోజు తీసేశాను. మీకు అబద్ధం చెప్పాను."

హార్బరులో ఐసు దంచుతున్న చప్పుడు అక్కడిదాకా వినిపించింది. ఆత్రేయ ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. అతను నా మీద కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. అరుగు అంచున కూర్చుని, బోర్డు మీద లెక్క తప్పిన పిల్లాడు ఎక్కడ తప్పాడో వెతుక్కున్నట్టు నేలకేసి చూస్తుండిపోయాడు.

వీరదుర్గ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడింది. అప్పటిదాకా ఉన్న వెటకారం ఆమె మాటలో లేదు.

"మా నాన్న ఆ పాట మీదే పోయాడమ్మాయ్. ఒడ్డున తాడు పట్టుకుని, సగం చరణంలో. అప్పట్నుంచి అమ్మ ఆ ఒడ్డుకెళ్లలేదు, పాట నోట పలకలేదు. ఆరేళ్లకి మీ గదిలోనే మొదటిసారి పాడింది. ఆగినచోటల్లా ఆ ఒడ్డే కనపడిందంట, ఇంటికొచ్చి చెప్పింది."

అంటే నేను తీసేసింది అది. చెత్తబుట్ట బొమ్మ మీద నొక్కితే కాగితం నలిగినట్టు చిన్న చప్పుడొస్తుంది. ఆ చప్పుడు నాకు భలే ఇష్టంగా ఉండేది.

సత్యవతమ్మ గారు తాడు చుట్టుకుంటూ ఒకే ఒక్క మాట అడిగారు. విజయవాడ ఆయనకి ఈ సంగతి తెలుసా అని. తెలియదన్నాను. ఆయన నా పాటని గడియారంతో పోల్చి రాస్తున్నాడన్నారుగా, ఆ రాత వద్దు, నువ్వే చెప్పు అన్నారు. అక్కడే, ఆమె ముందే చెప్పమన్నారు.

గోవర్ధనరావు గారికి ఫోన్ చేశాను. ఏ బటన్ నొక్కానో, ఎన్ని నిమిషాలు కత్తిరించానో, ఎందుకు కత్తిరించానో అంతా చెప్పాను. మామ్మగారికి లయ తప్పిందనుకున్నాను సార్ అన్న దగ్గర నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఆయన మధ్యలో ఒక్కసారీ అడ్డుపడలేదు. అంతా విన్నాక, ఆ మెచ్చుకోలు రాసింది నేనే కదమ్మా, నా చెవి కూడా మోసపోయింది అన్నారు. కానీ దిద్దిన పాట పెట్టలేననీ, జాబితా రేపు సాయంత్రంతో మూసేస్తున్నాననీ, అప్పటికి అసలు పాట చేరితే మొదటి స్థానం దానిదేననీ, చేరకపోతే పదకొండు పాటలతోనే విడుదల చేస్తాననీ చెప్పి పెట్టేశారు.

వీరదుర్గ విని, ఇంకేం, రేపు పొద్దున్నే అమ్మ మీ గదికొచ్చి మళ్లీ పాడుతుంది, ఈసారి దేనికీ నొక్కకు అంది. ఆత్రేయ ఆశగా తలెత్తాడు. సత్యవతమ్మ గారు తల అడ్డంగా ఊపారు. ఆ గదిలో ఇక పాడలేను, ఆ రోజు కనపడింది మళ్లీ కనపడదు అన్నారు. ఎవరూ బతిమాలలేదు. బతిమాలడానికి నాకు నోరెక్కడిది.

చాలాసేపటికి ఆత్రేయ నాతో మాట్లాడాడు. నా ముఖం చూడకుండా, ల్యాప్‌టాప్‌లో ఇంకా ఆ నెలరోజుల సాఫ్ట్‌వేర్ ఉందా, తీసేశావా అని అడిగాడు. ఉందన్నాను. ఇంటికి వెళ్లగానే తీసేసి బూడిదరంగుది వేస్తానన్నాను. వేసినా దానికి వినిపించడానికి ఏముందని అతను అనలేదు. నేనూ అనలేదు. కానీ ఇద్దరం అదే అనుకున్నామని తెలిసింది. నలభై మూడు రోజుల్లో మేం ఒకే సమయంలో ఒకే సంగతి అనుకోవడం చాలాసార్లు జరిగింది, ప్రతిసారీ నవ్వుకునేవాళ్లం.

లేచి వెళ్లడానికి నేను చెప్పుల కోసం చూస్తున్నాను. అప్పుడు సత్యవతమ్మ గారు కూతుర్ని పిలిచి, మీ రత్తయ్య బాబాయ్ వాళ్లు పెద్దవల ఇంకా వేస్తున్నారా అని అడిగారు. వీరదుర్గ చేతిలో గంప అలాగే ఉండిపోయింది. రత్తయ్య అంటే సూరయ్య గారి తమ్ముడు, కోడూరు అవతల ఆ ఒడ్డునే ఉంటాడు. వేస్తున్నారు, తెల్లారగట్ల వేసి తొమ్మిదింటికి లాగుతారు అంది వీరదుర్గ. అని ఊరుకోలేక, అమ్మా, ఆ ఒడ్డుకా అంది.

సత్యవతమ్మ గారు తాడు చుట్టని వంకెకి తగిలించి నా దగ్గరికి వచ్చారు. నా రెండు చేతులూ పట్టుకుని వెల్లకిలా తిప్పి, అరచేతుల్లో ఎర్రగా కమిలిన చారల్ని కాసేపు చూశారు.

"కొబ్బరినూనె రాసుకో. రేపు ఐదింటి బస్సుకి అవనిగడ్డ మీదుగా కోడూరెళ్తన్నాం, నలుగురమూ. మైకు పెట్టె మేస్టారు పట్టుకుంటారు. పాట నేను చెబుతా, చివరిదాకా వస్తదో లేదో నాకే తెలవదు. నువ్వు మాత్రం తాడుకి ముందుంటావు, మా ఆయన నిలబడే చోట."